సప్పుడు చెయ్యని డబ్బా

కరీంనగర్ దవాఖానలో డాక్టరమ్మ నా మెడ మీద వేలు ఆనించి, గడ్డ ఇక్కడుందనీ, గొంతు పలికించే నరం సరిగ్గా దాని వెనక నుంచి పోతుందనీ చెప్పింది. థైరాయిడ్ గడ్డ, తీసెయ్యక తప్పదు, ప్రాణానికి భయం లేదు, మాట కూడా పోదు అని ధైర్యం చెప్పి, లేవబోతుంటే ఇంకో ముక్క కలిపింది. "కొందరికి పైస్వరం తగ్గుతుందమ్మా. అందరికీ కాదు. మీరేమన్నా పాటలు పాడతారా?"

పాడతానా! మా చర్చి సంఘంలో పెళ్లయినా చావయినా, ఇళ్లలో ప్రార్థన పెట్టుకునే గృహ కూడికయినా కోతల పండుగయినా మొదట లేచేది నా గొంతే. పుస్తకంలో ఉన్న కీర్తనలు అందరూ పాడతారు. అవి కాక నేను సొంతంగా కట్టుకున్న పాటలున్నాయి. హుజూరాబాద్ పక్కన మా ఊళ్లో నన్ను కన్న మా అవ్వ నాట్లు వేస్తూ పాడిన బాణీలు పట్టుకుని, వాటిలో నా దేవుడినీ, నా కోపాన్నీ, శ్రీరాంపూర్ బొగ్గుబావుల కాలనీలో నా కాపురాన్నీ పెట్టి అల్లిన పాటలు. మాటలు కాగితం మీద రాస్తే లాభం లేదు. వాటి ఎక్కడమూ దిగడమూ నా గొంతులోనే ఉంది. అంత పైకి మా సంఘంలో ఇంకెవరికీ అందదు. ఆ పైస్వరమంటే నాకు గర్వం. దాచుకోవడమెందుకు, మస్తు గర్వం.

బొగ్గుబావిలో పని చేసే మా ఆయన ఆ రోజు సెలవు పెట్టి నాతో వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు మెల్లగా అన్నాడు. "ఫికర్ చెయ్యకు. పాణం మంచిగుంటే సాలు. పాటదేముంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. "పాటదేముందా? రేపు నీ చేతులు తీసేస్తమంటే గిట్లనే అంటవా?" అన్నాను అంతమందిలో. "ఆపరేషన్ చేయించుకుంట. కాని ముందుగాల నా పాటలన్ని రికార్డు చేసుకుంట. గప్పటిదాకా నా మెడ మీద కత్తి పెట్టనియ్య."

డాక్టరమ్మ రెండు నెలలు ఆగొచ్చు, అంతకు మించి వద్దు అంది. ఆ రెండు నెలలే నాకున్న గడువు.

స్టూడియోలున్నాయి కదా, ఇంట్లో ఈ తిప్పలెందుకని అడగని మనిషి లేడు. స్టూడియోకు ఒకసారి పోయి చూశాను. క్రిస్మస్ పాట చేయిద్దామని సంఘం వాళ్లే తీసుకుపోయారు. అక్కడాయన నా పాటను తొందర పెట్టాడు. కింద డోళ్లూ చప్పట్లూ వేశాడు. గొంతుకు బెల్లప్పాకం పట్టించాడు. ఊపిరి తీసుకున్న చోటల్లా కత్తిరించి పారేశాడు. "గిట్లుంటెనే జనం వింటరక్కా" అన్నాడు. నేనూ విన్నాను. ఆ పాటలో నేను తప్ప అందరూ ఉన్నారు. ఊపిరి తీసుకోకుండా పాడే ఆడది ఎక్కడన్నా ఉంటుందా? చివరిసారి పాడబోతున్నానేమో తెలియని పాటను తీసుకుపోయి మళ్లీ ఆ కత్తెర కింద పెట్టాలా? చస్తే పెట్టను.

అందుకే పాటలు రికార్డు చేసే కంప్యూటర్ ఇంట్లో నేనే కట్టుకోవాలనుకున్నాను. నేను ఇంటర్ దగ్గర చదువు ఆపేసినదాన్ని, కాలనీ పిల్లలకు ట్యూషన్ చెప్పుకునేదాన్ని. ఫోన్‌లో తెలుగు వీడియోలు చూశాను, హిందీవి చూశాను, అర్థం కానివి మళ్లీ పెట్టుకుని చూశాను. చూడగా చూడగా ఒక సంగతి తలకెక్కింది. పాటకు కావలసింది కంప్యూటర్ బలం కాదు, దాని నెమ్మది. ఒక గొంతు, ఒక హార్మోనియం పట్టుకోవడానికి మధ్యరకం ప్రాసెసర్ చాలు. కానీ అదే గదిలో ఫ్యాన్లు తిరిగే డబ్బా ఉంటే ఆ హోరంతా పాటలోకి వచ్చి కూర్చుంటుంది. మైకుకు మర్యాద తెలియదు. మనిషి పాడుతోంది కదా, మిగతావి వినకుండా ఉందామనుకోదు. మాదేమో రెండు గదుల క్వార్టరు. డబ్బాను ఒక చోట పెట్టి నేను దూరంగా పోయి పాడే వీలు లేదు.

దుమ్ము సంగతి వేరే. మా దగ్గర పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు తిరుగుతుంది. జల్లెడలా తూట్లున్న డబ్బా కొంటే ఆ బొగ్గు దుమ్మంతా లోపలికి పీల్చుకుని, వేడెక్కి, ఫ్యాన్లు ఇంకా జోరుగా తిరుగుతాయి. కాబట్టి మూసి ఉన్న, మందమైన రేకు డబ్బా కావాలి. చిన్న ఫ్యాన్లు గింగిరాలు తిరిగే బదులు నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాను ఒకటి కావాలి. గరగరమనే పాత రకం హార్డ్ డిస్క్ వద్దు, చప్పుడు లేని ఎస్‌ఎస్‌డీ కావాలి. ఆటలకు పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డు అసలే వద్దు. లైట్లు వద్దు. ఇది నా లెక్క, ఇందులో ఎవరి సలహా అడగలేదు.

అడగకపోయినా ఇచ్చేవాళ్లు ఉంటారు. మా అన్న దుబాయిలో ఏసీ మెకానిక్. నాకు గడ్డ అని తెలిసిన రోజు నుంచీ ఫోన్‌లో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతున్నాడు. పాటల కోసం కంప్యూటర్ అని ఎవరో చెవిన వేశారు. "చెల్లె, నువ్వు ఒక్క రూపాయి పెట్టకు. నేనే తెస్త. అక్కడ దొరికేది గాదు, అసలైనది" అన్నాడు. నాకు కావలసిందేమిటో చెప్పబోతే వినలేదు. సెలవు మీద వస్తూ నిజంగానే తెచ్చాడు. దుబాయి నుంచి వచ్చే టీవీల లాగే పెద్ద అట్టపెట్టె, చుట్టూ నైలాన్ తాడు, నాలుగు వైపులా పెద్దక్షరాలతో తన పేరు, ఊరు.

ఊళ్లో మా అవ్వ ఇంట్లో దాన్ని విప్పారు. చూడ్డానికి వాడంతా వచ్చింది. అద్దాల డబ్బా. ఎటు చూసినా ఫ్యాన్లు, ప్రతి ఫ్యానుకూ రంగులు మారే లైట్లు. లోపల ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు. అన్న మొఖం వెలిగిపోతోంది. మా సంఘం పాస్టరు అయ్యగారిని శ్రీరాంపూర్ నుంచి ముందే పిలిపించి ప్రార్థన చేయించాడు. అయ్యగారు డబ్బా మీద చెయ్యి పెట్టి, ఈ యంత్రం ద్వారా బిడ్డ గొంతు నాలుగు దిక్కులా వినబడాలి ప్రభువా అన్నారు. ఆమెన్ అన్నాక అన్న స్విచ్చి వేశాడు.

పిండిగిర్ని లేచింది.

"ఏసీలల్ల పని చేసి చేసి నాకు తెల్సు" అన్నాడు అన్న, ఆ హోరులో వినబడేలా గట్టిగా. "గాలి ఎంతుంటే డబ్బా గంత సల్లగుంటది. ఎన్ని ఫ్యాన్లున్నయో సూడు!"

పైన పటారం, లోన లొటారం అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. వాడి మొఖం చూసి మింగాను. కానీ రెండోది మింగలేకపోయాను. "అన్నా, మంచిగుంది. కాని గిది నా పాటను మింగుతది. దీన్ని ఇప్పి, నాకు పనికొచ్చేటియి తీసుకుంట. మిగిలినయి నువ్వే ఉంచుకో."

ఇంట్లో సూది పడితే వినబడేదేమో, ఆ ఫ్యాన్లు లేకపోతే. మా దిక్కు గల్ఫ్ నుంచి వచ్చిన సామానును కాదనడమంటే ఆ మనిషి ఎండలో పడ్డ కష్టాన్ని కాదనడమే. వద్దు అన్న మాట నోట రాకూడదు, నచ్చకపోయినా బీరువా మీద పెట్టి పండుగ పండుగకు తుడవాలి. అవ్వ లేచి నిలబడింది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కన్నీళ్లు పెట్టుకుని తెచ్చిండే వాడు! నీ నోట్లె మన్నువడ, జర సైసలేవా?"

"సైస్త అవ్వా. పాడినంక సైస్త. నా దగ్గర టైం లేదు" అన్నాను. అన్న స్విచ్చి ఆపేసి బయటికి పోయాడు. వాడి మనసు విరిచానని తెలుసు. అయినా తగ్గలేదు. అన్న నా మొఖం చూడనన్నా రేపు బతిమాలుకోవచ్చు. గొంతును ఎవరిని బతిమాలాలి?

మరుసటి రోజు నేలమీద దుప్పటి పరిచి, వీడియో చూస్తూ డబ్బాను విప్పాను. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంచుకున్నాను. అద్దాల పెట్టెనూ లైట్లనూ ఫ్యాన్లనూ తిరిగి అట్టలో సర్దాను. గ్రాఫిక్స్ కార్డు పీకి, మిగిలినవాటిని టీవీకి కలిపి చూస్తే తెర నల్లగా ఉండిపోయింది. అప్పుడర్థమైంది. అన్నకు అమ్మినవాళ్లు ఇచ్చిన ప్రాసెసర్‌కు సొంతంగా బొమ్మ చూపించే గుణం లేదు, దానికి ఏదో ఒక కార్డు పెట్టాల్సిందే. నెత్తి పట్టుకున్నాను. అవ్వ వాకిట్లోంచే "ఏమాయె, ఖరాబు చేసినవా?" అంది. ఖరాబు కాలేదు, ఇంకొకటి కొనాలి అన్నాను. ఇల్లలకగానే పండుగ కాదని ఆ రోజు తెలిసింది.

నేనూ మా ఆయనా కరీంనగర్‌లో కంప్యూటర్ దుకాణానికి పోయాం. దుకాణదారు మా ఆయనను చూసి, "ఎవలకు సార్, బాబుకా? ఏ గేములాడుతడు?" అన్నాడు.

"నాకు" అన్నాను. "గేముల్లేవు. సప్పుడు చెయ్యని డబ్బా కావాలె."

"సప్పుడు చెయ్యనిది అంటే... ఖరాబైంది కావాల్నా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అతను నవ్వు ఆపి, వరసగా డబ్బాలు దింపడం మొదలుపెట్టాడు. అన్నీ అద్దాలే. ఒకదాని తరువాత ఒకటి పక్కకు నెట్టాను. ఈలోగా మా ఆయన ప్రతి డబ్బానూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. బావిలోకి దిగాక పని మొదలుపెట్టేముందు పై కప్పును కడ్డీతో కొట్టి వింటారు. గట్టిగా పలికితే కింద నిలబడతారు, బోలుగా పలికితే జరుగుతారు. ఇన్నేళ్ల అలవాటు, దుకాణంలో కూడా పోలేదు.

"పుచ్చకాయలు కొంటున్నరా సార్?" అన్నాడు దుకాణదారు.

"గిది బోలు. గిది గూడ బోలు" అని ఈయన తన పని తాను చేసుకుపోతూ, చివరికి అట్టడుగున ఉన్న నల్లటి డబ్బాను కొట్టి, "గిది నిలవడ్తది" అన్నాడు. దానికి అద్దం లేదు, లైటు లేదు, ముందుభాగం మూసి ఉంది, గాలి పక్క సందుల్లోంచి వడపోత గుడ్డ దాటి రావాలి. నేను వెతుకుతున్నది అచ్చం అదే. ఆయన ఎంచింది చప్పుడు విని, నేను ఎంచింది కళ్లతో చూసి. ఎవరు ముందు ఎంచారన్న కొట్లాట మా ఇంట్లో ఇంకా తేలలేదు.

పెద్ద ఫ్యానుతో ప్రాసెసర్ కూలర్ ఒకటి, చప్పుడు తక్కువ చేసే పవర్ సప్లై ఒకటి తీసుకున్నాం. బొమ్మ కోసం కార్డు అడిగితే మళ్లీ ఇటుకలే చూపించాడు. ఫ్యాన్ లేనిది కావాలన్నాను. "గసోంటివి ఇప్పుడెవలు కొంటలేరక్కా" అంటూనే, సొరుగు అడుగు నుంచి దుమ్ము పట్టిన చిన్న కార్డు తీశాడు. అరచేతిలో పట్టేంత. ఫ్యాను లేదు, వేడి పోవడానికి రేకులు మాత్రమే ఉన్నాయి. నాకు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. మైకునూ, మైకులో పడ్డ గొంతును కంప్యూటర్‌కు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెనూ అక్కడే కొన్నాం.

ఇంటికొచ్చి అన్నీ బిగించి స్విచ్చి వేస్తే చప్పుడు లేదు. చెవి ఆనిస్తే లోపల ఎవరో నిద్రపోతున్నట్టు చిన్న గాలి, అంతే. నేను గంతులేశాను. మైకు ముందు నిలబడి రెండు చరణాలు పాడి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నా గొంతు వెనక సన్నగా, ఆగకుండా ఒక జుమ్మనే మోత. ఫ్యానుది కాదు. డబ్బాను ముట్టుకుంటే చేతికి సన్నగా కరెంటు చురుక్కుమంటోంది. వీడియోలలో వెతికితే ఎర్తింగ్ లేకపోతే అలా వస్తుందని తెలిసింది. మా క్వార్టరు పాతది, దాని ఎర్తింగ్ తీగ ఎప్పుడో తుప్పు పట్టి నేలలో కలిసిపోయింది.

గుంత తవ్వి, కడ్డీ పాతి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలుగా పోసి నీళ్లు పొయ్యాలని వాటిల్లోనే చెప్పారు. మా ఆయన ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అంగీ విప్పి, పెరట్లో జామచెట్టు పక్కన గుంత తవ్వాడు. పొయ్యిలోకి ఉంచుకున్న మంచి బొగ్గు పెళ్లలు సుత్తితో కొట్టి, ఉప్పు కలిపి, దర్జాగా నింపాడు. "బొగ్గు సంగతి నాకు చెప్తరా?" అని మీసం తిప్పాడు. తీగ కలిపాం. నీళ్లు పోశాం. జుమ్మనే మోత ఎక్కడిదక్కడే ఉంది.

వారం వృథా అయింది. కడ్డీ మార్చాం, తీగ మార్చాం, ఇంకా ఉప్పు పోశాం. చివరికి మా వీధి మూలన ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమె బట్టలు ఇవ్వడానికి వచ్చి, ఆ గుంతలోకి వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో అక్కా, గిది బాయిల రాయి బొగ్గు గదనే! దీంట్లకెళ్లి కరెంటు యాడికి పోతది? కట్టెబొగ్గు పొయ్యాలె. మా ఇంటి ఎర్తింగ్‌కు నా ఇస్త్రీపెట్టె బొగ్గే పోసిన్రు."

శ్రీరాంపూర్‌లో బొగ్గు అంటే ఒకటే బొగ్గు. ఇంకో బొగ్గు ఉందని మా ఇద్దరికీ తట్టనే లేదు. మా ఆయన గుంతలోకి చూస్తూ నిలబడిపోయాడు. నాకు నవ్వు ఆగలేదు, ఆ తరువాత ఆయనకూ ఆగలేదు. గుంత మళ్లీ తవ్వాం. ఇస్త్రీ ఆమె తట్టెడు కట్టెబొగ్గు ఇచ్చింది. ఈసారి నీళ్లు పోసి, డబ్బాను ముట్టుకుంటే చురుక్కుమనలేదు. మైకు పెట్టి విన్నాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంత బాగుంటుందని నాకు ముందు తెలియదు.

మా కాలనీలో పొద్దున పదిగంటల తరువాత ఒక మర్యాద నడుస్తుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగవాళ్లు ఆ వేళ నిద్రపోతుంటారు. అప్పుడు ఎవరూ రోకలి ఎత్తరు, ఎవరూ గిన్నెలు మోగించరు, పక్కింటామెను పిలవాలన్నా చెయ్యి ఊపి పిలుస్తారు. నాకు ఆ మౌనం కావాలి. తలుపులకూ కిటికీకీ బొంతలు వేలాడదీసి, సీలింగ్ ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుంటే పాడాను. మూడో రోజు పక్కింటామె వచ్చి తలుపు తట్టింది. "మా ఆయన లేచి కూసున్నడు" అంది. నేను నడుం మీద చెయ్యి వేసుకుని కొట్లాటకు సిద్ధమయ్యాను. "ఇందాకటి పాట ఆఖర్ల ఆపినవట గదా. అది పూరా పాడుతదా లేదా కనుక్కో, నేను పండుకోవాలె అంటుండు" అంది.

అన్న కూడా ఒకరోజు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, నల్లడబ్బా దగ్గర గొంతుక్కూర్చుని, దాని పక్కన అరచెయ్యి పెట్టి చూశాడు, ఏసీ బయటిపెట్టెను చూసినట్టు. "నడుస్తుందా ఇది?" అన్నాడు. నడుస్తుందన్నాను. "లోపల నేను తెచ్చినవే గదా?" అన్నాడు. నువ్వు తెచ్చిన గుండెకాయే అన్నాను. వాడు లేచి మొఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజు నేను కోతల పండుగ పాట పాడాను. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు పట్టుకుని జనం బలిపీఠం దగ్గరికి నడిచే వేళ పాడే పాట. మూడో చరణంలో ఒక చోట నా గొంతు అన్నిటికన్నా పైకి పోయి అక్కడ నిలబడుతుంది. నిలబెట్టాను. ఊపిరి అయిపోయే దాకా నిలబెట్టాను. తరువాత ఏడ్చాను. దుఃఖం కన్నా కోపమే ఎక్కువ. ఇంత మంచిదాన్ని ఎందుకు తీసుకుంటున్నావని పైవాడిని నేరుగా అడిగాను.

ఆపరేషన్ అయింది. గడ్డ క్యాన్సరు కాదని, భయం లేదని చెప్పారు. నెల రోజులు గుసగుసలే. ఆ తరువాత మాట తిరిగొచ్చింది, కొంచెం బొంగురుగా. పాట కోసం నోరు తెరిస్తే కింద స్వరాలు పలుకుతున్నాయి, పైకి పోబోతే గాలి తప్ప ఏమీ రావడం లేదు. డాక్టరమ్మ చెప్పిన ఆ కొందరిలో నేనున్నాను. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అని సంఘంలో ఒకామె నా వెనక అంది. నేను తిరిగి, "ఊడలే. ఇంకా నిన్ను కడిగెయ్యనీకె సరిపోయేంత ఉంది" అన్నాను. కానీ ఇంటికొచ్చి రికార్డు చేసిన పాటలు పెట్టుకుని విన్నప్పుడు, ఆ పాడుతున్నదాన్ని చూసి నాకు కుళ్లు పుట్టింది. అబద్ధమెందుకు చెప్పాలి? నా మీద నాకే కుళ్లు.

కోతల పండుగ దగ్గరపడింది. అయ్యగారు, ఇద్దరు సంఘ పెద్దలు మా ఇంటికి వచ్చారు. టీ తాగి, కాసేపు వానల గురించి మాట్లాడి, అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నీ పాట రికార్డు బ్రహ్మాండంగా ఉందని విన్నాం. పెన్‌డ్రైవ్ ఇస్తే పండుగకు పెద్ద బాక్సుల్లో పెడదాం. నువ్వు ఎప్పటిలాగే ముందు నిలబడు."

"నిలవడి?"

ఒక పెద్దాయన మెత్తగా అన్నాడు. "జర పెదువులు కదుపు బిడ్డా. నీకు తక్లీఫ్ ఉండది. నలుగుర్ల నవ్వులపాలు కాకుంట ఉంటవ్."

వాళ్లు నా మీద ప్రేమతోనే వచ్చారు. అదే నాకు ఎక్కువ మండింది. మా ఆయన వైపు చూస్తే తల వంచుకున్నాడు, ఆయనకూ అదే మంచిదనిపిస్తోంది. అన్న దుబాయి నుంచి ఫోన్‌లో, "ఇయ్యి చెల్లె. గందుకేనాయె గింత కొట్లాడి చేసుకున్నది" అన్నాడు. మా అన్నతో, డబ్బాతో, బొగ్గుతో, బొంతలతో ఇంత పోట్లాడింది చివరికి నా నోటికి నేనే తాళం వేసుకోవడానికా?

"గొంతు దాసుకున్న, నిజమే" అన్నాను. "గని బతికున్న నోరు మూసుకోనీకె దాసుకోలే. నేను పాడుత. నచ్చకుంటె చెవులు మూసుకోండ్రి." అయ్యగారు సరేనమ్మా అన్నారు.

పండుగ రోజు జనం వడ్లూ కాయలూ పట్టుకుని వరసలో నిలబడ్డారు. నేను ముందుకు పోయి పాట ఎత్తుకున్నాను, ఎంత కింద నుంచి నాకు పలుకుతుందో అక్కడి నుంచి. కీబోర్డు వాయించేవాడు నా శ్రుతి వెతుక్కోలేక చేతులు ఎత్తేశాడు. మొదటి చరణం ఒక్కదాన్నే పాడాను. గొంతు గరుకుగా, రెండు చోట్ల తెగింది. వెనక బెంచీల్లో ఎవరో గుసగుసలాడారు. పారిపోవాలనిపించింది. కాళ్లను కదలనివ్వలేదు.

రెండో చరణంలో మగవాళ్ల వైపు నుంచి ఒక గొంతు కలిసింది. తరువాత ఇంకొకటి. తల ఎత్తి చూశాను. ఇన్నేళ్లు ఆ పాటకు పెదవులు బిగించి నిలబడ్డ మగవాళ్లు పాడుతున్నారు. మాటలన్నీ వాళ్లకు వచ్చు, ఎప్పటినుంచో వచ్చు. ఎత్తుకుందామంటే నా గొంతు ఎవరికీ అందనంత పైన ఉండేది. నేను గర్వపడుతూ అక్కడ నిలబడితే, వాళ్లు కింద ఊరికే నిలబడేవాళ్లు. ఇప్పుడు బావి పనివాళ్లు, ఆటో నడిపేవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు, అందరూ పాడుతున్నారు. మా ఆయన గుమ్మడికాయ ఎత్తుకుని వరసలో నడుస్తూ, శ్రుతీ తాళమూ లేకుండా, మెడనరాలు ఉబ్బేలా పాడుతున్నాడు. పైస్వరం వచ్చే చోట నేను పైకి పోలేదు. వాళ్లందరితో పాటు కిందనే నిలబడ్డాను. చర్చి కిటికీలు అదిరాయి.

దీనికోసమే నా గొంతు పోయిందని ఎవరన్నా అంటే ఒప్పుకోను. పోయింది పోయిందే, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

ఆరాధన అయ్యాక ఆ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "మంచిగ పాడినవ్ బిడ్డా. అయినా గా పెన్‌డ్రైవ్ మాకు ఇచ్చిపెట్టు. మునుముందు పండుగలకు పనికొస్తది."

"నేను సచ్చినంక అడుగుండ్రి" అన్నాను. "గప్పటిదాక నేనే వస్త."